సెకండ్ హ్యాండ్ ప్లగ్-ఇన్ హైబ్రిడ్: ఇంట్లో, ఆఫీసులో ఛార్జింగ్ లెక్క ఏంటి

మొన్న శనివారం మా బావమరిది టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి ఫోన్ చేశాడు. 2017 షెవ్రొలే వోల్ట్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు, కార్ బాగుంది, సంతోషంగా ఉన్నాడు. కానీ గ్యారేజీలో ఛార్జింగ్ కోసం ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే ఆయనొచ్చి ప్యానెల్ చూసి, 50 ఆంపుల కొత్త లైను, గోడకి బాక్సు, పర్మిట్ అన్నీ కలిపి 1,900 డాలర్లు అవుతుందన్నాడట. "బావా, వేయించేయనా? రాత్రంతా పెట్టినా పొద్దున్నకి బ్యాటరీ నిండట్లేదు" అన్నాడు. ఒక్క నిమిషం ఆగు, ముందు నీ కార్ ఎంత తాగగలదో చూసి అప్పుడు గొట్టం ఎంత లావుదో మాట్లాడదాం అన్నాను. ఆ రోజు గంటసేపు మాట్లాడుకున్నదే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నా, ఎందుకంటే అమెరికాలో మనవాళ్లు చాలామంది ఇలాంటి పాత ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కార్లు (ప్లగ్ పెట్టి ఛార్జ్ చేసే బ్యాటరీ, దాంతోపాటు పెట్రోల్ ఇంజిన్ కూడా ఉన్నవి) కొంటున్నారు, అందరికీ ఇదే దగ్గర అయోమయం.

ముందు ఒక విషయం. గోడకి బిగించే ఆ బాక్సుని అందరం ఛార్జర్ అంటాం కానీ అది ఛార్జర్ కాదు. అసలు ఛార్జర్ కార్ లోపల ఉంటుంది, గోడలోంచి వచ్చే ఏసీ కరెంటుని డీసీ చేసి బ్యాటరీలోకి పంపేది అదే. గోడ మీద ఉన్నది భద్రత చూసుకునే స్విచ్ లాంటిది, అంతే. కేబుల్ కార్‌కి తగిలించగానే ఆ బాక్సు ఒక సన్నని వైరు మీద సిగ్నల్ పంపుతుంది, "నా దగ్గర ఇన్ని ఆంపులున్నాయి, అంతకి మించి లాగొద్దు" అని. కార్ తనకి కావాల్సినంత, తన చేతనైనంత మాత్రమే తీసుకుంటుంది. మన ఊళ్లో మునిసిపాలిటీ మెయిన్ పైపు ఎంత పెద్దదైనా ఇంట్లో కొళాయి అర అంగుళందైతే బిందె నిండే టైం మారదు కదా, ఇదీ అంతే. 48 ఆంపుల బాక్సుకి వోల్ట్ తగిలిస్తే కార్‌కి నష్టమేం లేదు, కాకపోతే లాభం కూడా లేదు.

ఇప్పుడు ఆ కొళాయి సైజు ఏ కార్‌కి ఎంత. 2016 నుంచి వచ్చిన రెండో తరం వోల్ట్‌లో బ్యాటరీ 18.4 యూనిట్లు (మన కరెంటు బిల్లులో యూనిట్ అంటే ఏదో ఇక్కడా అదే, కిలోవాట్ అవర్), లోపలి ఛార్జర్ 3.6 కిలోవాట్లు. 2019 మోడల్లో కొన్నిటికి మాత్రం 7.2 వచ్చింది. 2017 నుంచి 2022 దాకా వచ్చిన టొయోటా ప్రియస్ ప్రైమ్‌లో బ్యాటరీ చిన్నది, 8.8 యూనిట్లు, ఛార్జర్ 3.3. క్రైస్లర్ పసిఫికా హైబ్రిడ్ వ్యాన్‌కి 16 యూనిట్లు, ఛార్జర్ 6.6. హోండా క్లారిటీకి 17 యూనిట్లు, అదీ 6.6. రావ్4 ప్రైమ్‌కి 18.1 యూనిట్లు, ఛార్జర్ మాత్రం ట్రిమ్‌ని (వేరియంట్‌ని) బట్టి, కొన్నిటికి 3.3 కొన్నిటికి 6.6, అందుకే పాత రావ్4 కొనేటప్పుడు ఇది అడిగి మరీ తెలుసుకోవాలి. వీటిల్లో ఒక్కదానికి కూడా హైవే పక్కన ఉండే డీసీ ఫాస్ట్ ఛార్జింగ్ పనిచేయదు, ఆ ప్లగ్గే ఈ కార్ల సాకెట్‌లో పట్టదు. మిత్సుబిషి అవుట్‌ల్యాండర్ లాంటి ఒకటీ అరా తప్ప ప్లగ్-ఇన్ హైబ్రిడ్లు దాదాపు అన్నీ ఇంతే. దానికి బాధపడాల్సిన పనిలేదు, దూరం వెళ్లేటప్పుడు ఇంజిన్ ఉంది కదా.

ఇక గోడ సంగతి. ఇండియాలో ఇంట్లో గీజర్‌కో ఏసీకో వేసే 16 ఆంపుల పవర్ ప్లగ్ ఉంటుంది చూడండి, అది 230 వోల్టులు, అంటే దాంట్లోంచి 3 కిలోవాట్లు హాయిగా వస్తాయి. అమెరికాలో మామూలు ప్లగ్ పాయింట్ 120 వోల్టులే, బ్రేకర్ 15 ఆంపులదో 20 ఆంపులదో. కార్ ఛార్జింగ్ గంటల తరబడి ఆగకుండా నడిచే లోడు కాబట్టి బ్రేకర్ కెపాసిటీలో 80 శాతమే వాడాలని ఇక్కడి ఎలక్ట్రికల్ కోడ్. అంటే 15 ఆంపుల లైను మీద 12 ఆంపులు. 120 ఇంటూ 12, అంటే 1.44 కిలోవాట్లు. దీన్ని లెవెల్ 1 అంటారు. బట్టల డ్రైయర్‌కి ఇచ్చేలాంటి 240 వోల్టుల లైను మీద పెడితే లెవెల్ 2. లెవెల్ 1 మీద వోల్ట్ పూర్తిగా ఖాళీ నుంచి నిండటానికి 13 గంటలు, ప్రియస్ ప్రైమ్‌కి ఐదున్నర గంటలు. లెవెల్ 2 మీద వోల్ట్‌కి నాలుగున్నర, ప్రియస్ ప్రైమ్‌కి రెండు గంటలు చిల్లర.

మరి బావమరిది కార్ రాత్రంతా పెట్టినా ఎందుకు నిండలేదు? రాత్రి ఏడింటికి పెట్టి పొద్దున్న ఎనిమిదికి తీస్తున్నాడు, 13 గంటలు సరిపోవాలి కదా. ఇక్కడే వోల్ట్‌లో తెలియనివాళ్లకి దొరకని కిటుకు ఒకటుంది. 120 వోల్టుల ప్లగ్‌కి పెడితే ఈ కార్ దానంతట అది 8 ఆంపులే లాగుతుంది, పాత ఇళ్లల్లో వైరింగ్ ఎలా ఉంటుందో అని కంపెనీవాళ్లు జాగ్రత్తకి అలా పెట్టారు. స్క్రీన్ మీద ఛార్జింగ్ సెట్టింగ్‌లోకి వెళ్లి 12 ఆంపులు మనమే ఎంచుకోవాలి, అదీ ఒకసారి మారిస్తే ఉండిపోదు, మళ్లీ కార్ నడిపితే 8కి వెళ్లిపోతుంది. ఇంటి లొకేషన్‌ని గుర్తుపెట్టుకునే ఆప్షన్ ఉంది, అది ఆన్ చేస్తేనే ఇంటికొచ్చిన ప్రతిసారీ 12 తీసుకుంటుంది. 8 ఆంపుల మీద 13 గంటల పని 19 గంటలు దాటుతుంది, అదీ జరిగింది. ఫోన్‌లోనే చెప్పి సెట్టింగ్ మార్పించాను, మర్నాడు పొద్దున ఫుల్ ఉందని ఫోటో పెట్టాడు. 1,900 డాలర్ల సమస్య స్క్రీన్ మీద రెండు నొక్కులతో పోయింది.

పోయింది అంటే పూర్తిగా కాదు, 12 ఆంపులు పెట్టే ముందు ఆ ప్లగ్ పాయింట్ సంగతి చూడాలి, నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో నిజంగా భయపడాల్సింది ఈ ఒక్కదానికే. గ్యారేజీలో గోడకున్న ఆ పాయింట్ ఇల్లు కట్టినప్పుడు చవకలో వేసింది అయ్యుంటుంది, వెనక వైర్లు స్క్రూకి బిగించకుండా చిల్లుల్లోకి ఊరికే గుచ్చి వదిలేసి ఉంటారు, ఫోన్ ఛార్జర్‌కీ వ్యాక్యూమ్‌కీ అది చాలు. రోజూ పది పన్నెండు గంటలు 12 ఆంపులు దాంట్లోంచి పోతే లూజుగా ఉన్నచోట వేడెక్కుతుంది, వేడికి ఇంకా లూజవుతుంది, ఒకరోజు ప్లాస్టిక్ కరుగుతుంది. నేను అద్దెకున్న పాత ఇంట్లో ప్లగ్ చుట్టూ గోధుమరంగు మరక చూసి గుండె ఆగినంత పనైంది, పక్క గదిలో పిల్లలు పడుకునున్నారు. కాబట్టి ఛార్జింగ్ పెట్టిన గంటకి వెళ్లి ప్లగ్ మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్లేదు, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే వెంటనే ఆపేయండి. ఎలక్ట్రీషియన్‌తో ఆ పాయింట్ తీయించి మంచి రకం, వైర్లు స్క్రూకి బిగించేది వేయిస్తే ఖర్చు కొత్త లైనులో పదో వంతు కూడా కాదు. ఎక్స్‌టెన్షన్ వైరు మాత్రం పెట్టకండి, ఒక్క రోజుకే కదా అని కూడా పెట్టకండి.

ఇంకోటి, ఆ లైను మీద ఇంకా ఏమున్నాయో చూడండి. మనవాళ్ల గ్యారేజీల్లో రెండో ఫ్రిజ్ ఉంటుంది, ఇండియన్ స్టోర్ నుంచి తెచ్చిన కొబ్బరి, కరివేపాకు, పండుమిరపకాయ పచ్చడి అన్నీ దాంట్లోనే, కొందరి గ్రైండర్ కూడా అక్కడే. పాత ఇళ్లల్లో గ్యారేజీ ప్లగ్, బయట వరండా ప్లగ్, బాత్రూమ్ ప్లగ్ మూడూ ఒకే లైను మీద ఉండటం మామూలే. కార్ 12 ఆంపులు తీసుకుంటుండగా ఫ్రిజ్ కంప్రెసర్ మొదలైతేనో, పైన ఎవరో హెయిర్ డ్రైయర్ పెడితేనో బ్రేకర్ పడిపోతుంది, పొద్దున్నకి కార్ నిండదు సరే, ఫ్రిజ్‌లో సరుకంతా పాడవుతుంది. ప్యానెల్ దగ్గరికెళ్లి ఆ బ్రేకర్ ఆపి ఇంట్లో ఏమేం ఆగిపోయాయో తిరిగి చూస్తే ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఒకవేళ అదృష్టం బాగుండి ఆ ప్లగ్ ఒక్కదానికే విడిగా 20 ఆంపుల లైను ఉంటే చాలా మంచిది, ఎలక్ట్రీషియన్ అదే వైరు మీద బ్రేకర్ మార్చి, ప్లగ్ మార్చి, దాన్ని 240 వోల్టులు చేయగలడు. అప్పుడు 16 ఆంపులు వస్తాయి, అంటే 3.8 కిలోవాట్లు, 3.6 ఛార్జరున్న వోల్ట్‌కీ ప్రియస్ ప్రైమ్‌కీ అంతకన్నా ఎక్కువ పెట్టినా తీసుకోలేవు. కొత్తగా వైరు లాగే పని లేదు కాబట్టి ఖర్చు బాగా తగ్గుతుంది. ఇది మాత్రం యూట్యూబ్ చూసి మీరే చేసేది కాదు.

అయితే 50 ఆంపుల లైను ఎవరికీ వద్దా అంటే, ఇల్లు సొంతం, రెండేళ్లలో పూర్తి ఎలక్ట్రిక్ కార్ కొంటాం అనుకునేవాళ్లు ఒకేసారి వేయించుకోవచ్చు. ఇంట్లో కొత్తగా పెట్టించే ఛార్జింగ్ పరికరాల మీద ఇచ్చే 30 శాతం ఫెడరల్ పన్ను రాయితీని 2025లో వచ్చిన చట్టం 2026 జూన్ 30తో ఆపేసింది, పాత ప్లగ్-ఇన్ కార్ల మీద 4,000 డాలర్ల దాకా వచ్చే రాయితీ అయితే 2025 సెప్టెంబర్ 30తోనే పోయింది, కాబట్టి ఎవరైనా అవి చూపించి తొందరపెడితే తేదీలు గుర్తుంచుకోండి. అద్దె ఇంట్లో, వీసా మీద, ప్రాజెక్ట్ మారితే ఊరు మారేవాళ్లకి వేరేవాళ్ల గోడలో అంత డబ్బు పెట్టమని నేనైతే చెప్పను. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు లీజింగ్ ఆఫీసుని రాతపూర్వకంగా అడగండి. కాలిఫోర్నియాలో అద్దెకుండేవాళ్లు తమ ఖర్చుతో ఛార్జింగ్ పెట్టించుకుంటామంటే చాలా సందర్భాల్లో ఓనర్ కాదనకూడదని చట్టమే ఉంది, దానికి షరతులున్నాయనుకోండి, అయినా అడిగే హక్కు ఉందని తెలియడమే పెద్ద ధైర్యం.

ఇప్పుడు డబ్బు లెక్క. ఎలక్ట్రిక్ కదా, చవకే అని అందరూ అనుకుంటారు, అన్నిచోట్లా నిజం కాదు. రెండో తరం వోల్ట్ కరెంటు మీద 100 మైళ్లకి గోడ నుంచి 31 యూనిట్లు తీసుకుంటుంది, గ్యాస్ (అంటే పెట్రోల్) మీద గ్యాలన్‌కి 42 మైళ్లు ఇస్తుంది, రెండూ ఈపీఏ (అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ) లెక్కలే. దీన్నిబట్టి చూస్తే ఒక గ్యాలన్ గ్యాస్ చేసే పని దాదాపు 13 యూనిట్ల కరెంటు చేస్తుంది. ప్రియస్ ప్రైమ్‌కి చేసి చూశాను, 13న్నర దాకా వచ్చింది. పసిఫికాకి 12కీ 13కీ మధ్య. కార్లు వేరైనా అంకె మాత్రం అక్కడక్కడే తిరుగుతోంది, అది నాకు భలే నచ్చింది, ఎందుకంటే గుర్తుపెట్టుకోవడం సులువు. మీ ఊళ్లో గ్యాస్ రేటుని 13తో భాగించండి, యూనిట్ రేటు అంతకన్నా తక్కువైతే కరెంటు లాభం, ఎక్కువైతే గ్యాసే చవక. గ్యాస్ 3.50 డాలర్లుంటే హద్దు 27 సెంట్లు. డాలస్ చుట్టుపక్కల యూనిట్ 15 సెంట్లనుకుంటే సందేహమే లేదు, మైలుకి కరెంటు మీద నాలుగున్నర సెంట్లు, గ్యాస్ మీద ఎనిమిది పైన. పైగా టెక్సస్‌లో రాత్రిళ్లు కరెంటు ఫ్రీ అనే ప్లాన్లు కూడా ఉన్నాయి, వాటిలో పగటి రేటు ఎక్కువ పెడతారు, వేసవిలో పగలంతా ఏసీ వేసే ఇల్లైతే ఆ లెక్క విడిగా చూసుకోవాలి. అదే కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లో ఉండే మా ఫ్రెండ్‌కి అక్కడి కరెంటు కంపెనీ పీజీ అండ్ ఈ మామూలు ప్లాన్‌లో యూనిట్ 40 సెంట్లు దాటి పడుతోంది, గ్యాస్ 4.80 ఉన్నా హద్దు 37 సెంట్లే, అంటే తను ఇంట్లో ఛార్జ్ చేసిన ప్రతిసారీ నష్టమే. ఎలక్ట్రిక్ కార్ ఉన్నవాళ్లకిచ్చే ఆఫ్-పీక్ (వాడకం తక్కువున్న వేళల్లో రేటు తగ్గే) ప్లాన్‌కి మారి, అర్ధరాత్రి దాటాక మొదలయ్యేలా కార్‌లో టైమర్ పెడితే గానీ తనకి గిట్టుబాటు కాలేదు.

ఆఫీసు దగ్గర ఇదే లెక్క ఇంకో రూపంలో తగులుతుంది. పార్కింగ్‌లో ఉండే లెవెల్ 2 స్టేషన్లు కొన్ని యూనిట్‌కింత అని తీసుకుంటాయి, కొన్ని గంటకింత అని. గంట లెక్క ఉన్నచోట చిన్న ఛార్జరున్న కార్‌కి అన్యాయం జరుగుతుంది. గంటకి ఒకటిన్నర డాలర్ అనుకోండి, పసిఫికా ఆ గంటలో 6.6 యూనిట్లు తీసుకుంటుంది, యూనిట్ 23 సెంట్లు పడింది. ప్రియస్ ప్రైమ్ అదే గంటలో 3.3 తీసుకుంటుంది, 45 సెంట్లు పడింది. అదే స్టేషన్, అదే ప్లగ్, రేటు రెట్టింపు. బోర్డు మీద చవగ్గా కనపడుతుంది గానీ గ్యాస్ కొట్టించుకోవడం కన్నా ఖరీదు. పైగా నిండాక కూడా తీయకపోతే ఐడిల్ ఫీజు వేసే స్టేషన్లున్నాయి. ఆఫీసు ఫ్రీగా ఇస్తుంటే మాత్రం హాయిగా వాడుకోండి. టెస్లా పేరున్న గోడ బాక్సులుంటే అవీ ఏసీయే కాబట్టి చిన్న అడాప్టర్ కొనుక్కుంటే చాలావాటికి మన జె1772 సాకెట్ (పైన చెప్పిన కార్లన్నిటికీ ఉండే ఏసీ సాకెట్) కార్లు తగులుతాయి, సూపర్‌చార్జర్‌కి మాత్రం తగలవు.

ఫ్రీ ఉన్నచోట ఇంకో గొడవ వస్తుంది, మనుషుల మధ్య. పూర్తి ఎలక్ట్రిక్ కార్లవాళ్లు "మీకు ఇంజిన్ ఉంది కదా, మాకు ఇది లేకపోతే ఇంటికెళ్లలేం" అంటారు, అందులో న్యాయం ఉంది. మనకీ ఒక సుగుణం ఉంది, మన బ్యాటరీ చిన్నది, రెండు మూడు గంటల్లో అయిపోతుంది. పొద్దున్న పెట్టి లంచ్‌కి వెళ్లేటప్పుడు తీసేసి ఇంకొకరికి వదిలితే ఒక ప్లగ్ ఇద్దరికి వస్తుంది. సాయంత్రం దాకా నిండిన కార్‌ని అక్కడే వదిలేయడం నాకు నచ్చదు, అలాగే నిండకుండా వేరేవాళ్ల కార్ ప్లగ్ పీకడం కూడా. డ్యాష్‌బోర్డ్ మీద ఫోన్ నంబర్ ఉన్న చీటీ పెడితే సగం గొడవలు రావు.

చలికాలం గురించి న్యూజెర్సీ, షికాగోవాళ్లకి ఒక మాట. బయట బాగా చలిగా ఉంటే బ్యాటరీ ఫుల్లున్నా వోల్ట్‌లో, పసిఫికాలో ఇంజిన్ స్టార్ట్ అవుతుంది, క్యాబిన్ వెచ్చగా ఉంచడానికి. అది రిపేర్ కాదు, కంగారుపడి మెకానిక్ దగ్గరికి పరిగెత్తకండి. ప్రియస్ ప్రైమ్‌లో తక్కువ కరెంటుతో వేడినిచ్చే హీట్ పంప్ ఉంది కాబట్టి కొంత నయం. బయల్దేరే ముందు ప్లగ్ తీయకుండానే కార్ వేడిచేసుకుంటే ఆ కరెంటు కొంతైనా గోడ నుంచి వస్తుంది, లెవెల్ 1 మీద మాత్రం హీటర్‌కి 1.44 కిలోవాట్లు చాలవు, మిగతాది బ్యాటరీ నుంచే తీసుకుంటుంది. సీటు హీటర్‌తో సరిపెట్టుకుంటే మైళ్లు మిగులుతాయి. ఇంట్లోనూ ఆఫీసులోనూ ఛార్జింగ్ దొరికి నెలా రెండు నెలలు గ్యాస్ వాడకపోతే వోల్ట్ తనే అడిగి కాసేపు ఇంజిన్ నడుపుతుంది, లోపల ఆయిల్ తిరగడానికి. అదీ మామూలే.

ఇంకా కొననివాళ్లు, కొనేముందు ట్రంక్ తెరిచి ఛార్జింగ్ కేబుల్ ఉందో లేదో చూడండి, పాత కార్లతో అది చాలాసార్లు రాదు, కొత్తది కొనాలంటే వందల డాలర్లు, ఆ మాట రేటు మాట్లాడేటప్పుడే అనాలి. డీలర్‌ని ముందురోజు రాత్రే ఫుల్ ఛార్జ్ పెట్టమని అడిగి, ఇంజిన్ మొదలయ్యేదాకా నడిపి, వోల్ట్ అయితే స్క్రీన్ మీద ఎన్ని యూనిట్లు వాడిందో చూడండి. రెండో తరంలో 18.4 ఉన్నా వాడనిచ్చేది 14 దాకానే, మిగతాది బ్యాటరీ ఆయుష్షు కోసం దాచిపెడుతుంది, అందుకే ఈ కార్లని రోజూ ఫుల్ చేసినా భయంలేదు. మీకు 13 పైన చూపిస్తే బ్యాటరీ బాగున్నట్టే. స్క్రీన్ మీద మిగిలిన మైళ్లు చూపించే అంకెని నమ్మకండి, అది ముందు ఓనర్ ఎలా నడిపాడో దాన్నిబట్టి చెబుతుంది.

బావమరిది విషయానికొస్తే, ఆఫీసు 28 మైళ్లు, రానుపోను 56. వోల్ట్ కొత్తగా ఉన్నప్పుడే 53 మైళ్ల బండి. ఇంటి ఛార్జింగ్‌తో వెళ్లడం అయిపోతుంది, వచ్చేటప్పుడు చివర్లో ఇంజిన్ తగులుకుంటుంది. తన ఆఫీసులో స్టేషన్లు లేవు, పార్కింగ్ గోడకి మామూలు 120 వోల్టుల ప్లగ్ ఒకటుంది. వెళ్లే 28 మైళ్లకి ఖర్చయ్యేది 9 యూనిట్లు, 12 ఆంపుల మీద 8 గంటల్లో 11 యూనిట్లు వస్తాయి, అంటే ఆ మామూలు ప్లగ్గే చాలు. "మరి రేపట్నుంచి పెట్టేస్తా" అన్నాడు. వద్దన్నాను. 2013లో అట్లాంటా శివార్లలో ఒకాయన స్కూల్ గోడకున్న ప్లగ్‌కి అడగకుండా తన ఎలక్ట్రిక్ కార్ కాసేపు తగిలించాడు, వాడింది 5 సెంట్ల కరెంటు, తర్వాత దొంగతనం కేసులో అరెస్ట్ చేశారు. వీసా మీద ఉన్న మనకి అలాంటి రికార్డ్ ఒక్కటున్నా ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. ఆఫీసు బిల్డింగ్ చూసుకునే ఫెసిలిటీస్ వాళ్లకి మెయిల్ పెట్టమన్నాను, అందులో బ్రతిమలాడటం కాకుండా లెక్క రాయమన్నాను: రోజుకి 9 యూనిట్లు, నెలకి 20 రోజులు, 180 యూనిట్లు, యూనిట్ 12 సెంట్ల చొప్పున నెలకి 22 డాలర్లు, అది నేనే కడతాను, ఆ ప్లగ్ ఏ బ్రేకర్ మీద ఉందో, దాని మీద ఇంకేమైనా నడుస్తున్నాయో మీ ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించండి అని. సోమవారం పంపాడు. బ్రేకర్ 20 ఆంపులదేనట, ఆ ప్లగ్ ఒక్కదానికే ఉందట, పేపర్ మీద పర్మిషన్ వచ్చాక పెట్టుకోమన్నారు.